గర్భస్థ శిశువు ఎదుగుదల లోపం

కడుపులోని బిడ్డ తాను ఎదగగలిగినంత ఎదగకుండా మధ్యలో వెనకబడిపోవడాన్ని గర్భస్థ శిశువు ఎదుగుదల లోపం అంటారు. ఆసుపత్రి చీటీల మీద చాలాకాలం దీన్ని ‘ఐయూజీఆర్’ అని రాసేవారు, ఇప్పుడు ‘ఎఫ్‌జీఆర్’ అంటున్నారు. ఇళ్లలో మాత్రం “బిడ్డ బరువు తక్కువుందన్నారు”, “నెలలకు తగ్గ ఎదుగుదల లేదట” అనే మాటలే వినిపిస్తాయి. పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి. నిజానికి మొదటిది ఒకనాటి కొలత, రెండోది కొన్ని వారాల నడక. బరువు తక్కువున్న బిడ్డ ఆరోగ్యంగానే ఉండవచ్చు. బరువు సరిపోయిన బిడ్డ లోపల ఆకలితో ఉండవచ్చు. గత వందేళ్లలో ఈ విషయం మీద వైద్యులు పడ్డ తంటాలో చాలా భాగం ఈ తేడా పట్టుకోవడానికే సరిపోయింది.

తూకం, కొలబద్ద

1919లో ఫిన్లాండుకు చెందిన పిల్లల వైద్యుడు ఆర్వో ఇల్ప్యో 2,500 గ్రాములను ఒక హద్దుగా ప్రతిపాదించాడు. అంతకు తగ్గిన పిల్లలందరినీ నెలలు నిండని పిల్లల కింద లెక్కగట్టేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 1948లో ఆ అంకెనే తీసుకుంది. తూకం యంత్రం ఒకటుంటే చాలు, లెక్క తేలిపోతుంది కాబట్టి ఆ హద్దు ఇప్పటికీ చెలామణీలో ఉంది. చిక్కల్లా, 35 వారాలకు 2,200 గ్రాములతో పుట్టిన బిడ్డనూ 40 వారాలకు అదే 2,200 గ్రాములతో పుట్టిన బిడ్డనూ అది ఒకే గాటన కట్టేస్తుంది. మొదటి బిడ్డ తొందరపడి వచ్చింది, అంతే. రెండో బిడ్డ వేళకే వచ్చినా చిక్కి వచ్చింది. ఈ ఇద్దరికీ వచ్చే ఇబ్బందులు వేరు, చేయాల్సిన వైద్యం వేరు. 1961లో ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం ‘నెలలు నిండని’ అన్న ముద్ర తీసేసి ‘తక్కువ బరువు’ అన్న మాట పెట్టింది.

ఆ తర్వాత అమెరికాలోని డెన్వర్‌లో లూలా లుబ్చెంకో అనే వైద్యురాలు అక్కడి కాన్పుల లెక్కలు తీసి, ఏ వారానికి పుట్టిన బిడ్డ ఎంత బరువుందో గీతలుగా గీసి 1963లో ప్రచురించింది. 1967లో ఆమె, ఫ్రెడరిక్ బటాగ్లియా కలిసి పదో పర్సంటైల్ గీతను హద్దుగా నిలబెట్టారు. ఒకే వారానికి చెందిన వందమంది పిల్లల్ని బరువు వరసలో, తేలికైనవాళ్లు ముందుండేలా నిలబెడితే మొదటి పదిమంది ఈ గీత కింద పడతారు. వాళ్లను ‘గర్భకాలానికి చిన్న బిడ్డలు’ అన్నారు. ఇందులో ఒక చిన్న విచిత్రం ఉంది. డెన్వర్ నగరం సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంటుంది. వెయ్యి మీటర్లు పైకెక్కితే పుట్టుక బరువు దాదాపు 100 గ్రాములు తగ్గుతుంది. అంటే చాలాకాలం లోకమంతా వాడిన కొలబద్దను పిల్లలు కాస్త తేలిగ్గా పుట్టే ఊళ్లో తయారుచేశారన్నమాట.

పర్సంటైల్ లెక్కలో మరో ఇబ్బంది కూడా ఉంది. ఎంత ఆరోగ్యవంతమైన సమాజమైనా వందలో పదిమంది ఆ గీత కిందే ఉంటారు. పొట్టి తల్లిదండ్రులకు పుట్టిన చిన్న బిడ్డ ఏ జబ్బూ లేకుండానే అక్కడ చేరుతుంది. మరోవైపు 3,400 గ్రాములు కావాల్సిన బిడ్డ 2,800 దగ్గర ఆగిపోతే గీత పైనే ఉంటుంది కాబట్టి ఎవరి కంటా పడదు. అందుకే 2016లో నిపుణులు ఒక అంగీకారానికి వచ్చారు. అంచనా బరువు గానీ పొట్ట చుట్టుకొలత గానీ మూడో పర్సంటైల్ కంటే తక్కువైతే దాన్నే లోపంగా ఎంచాలి. మూడుకూ పదికీ మధ్య ఉంటే మాత్రం రక్తప్రసారంలో తేడానో, ఎదుగుదల గీత కిందికి జారడమో తోడుగా కనిపించాలి. 32 వారాలకు ముందు బయటపడితే ‘తొలి దశ’ లోపం, తర్వాతైతే ‘మలి దశ’ లోపం. తొలి దశది అరుదు, ప్రమాదకరం, గుర్తుపట్టడం తేలిక. మలి దశది తరచూ వస్తుంది, నెమ్మదిగా సాగుతుంది, చాలాసార్లు కన్నుగప్పి పోతుంది.

ఎవరి గీతలు వాడాలన్నది ఇంకా తెగని తగువు. ఎనిమిది దేశాల్లో ఆరోగ్యంగా, తిండికి లోటు లేకుండా ఉన్న తల్లుల్ని ఎంచుకుని ‘ఇంటర్‌గ్రోత్-21’ అనే అధ్యయనం జరిగింది. మన దేశం నుంచి నాగపూర్ అందులో ఉంది. తల్లికి వసతులన్నీ అమరితే ఏ దేశపు బిడ్డయినా కడుపులో ఒకే తీరున పెరుగుతుందని 2014లో వాళ్లు తేల్చారు. కాదు, తల్లి ఎత్తు, బరువు, ఎన్నో కాన్పు అన్నవి చూసి ఎవరి గీత వారికి గీయాలన్నది బ్రిటన్‌కు చెందిన జేసన్ గార్డోసి పక్షం. ఇది పండితుల మధ్య వాదమే అనుకోవడానికి లేదు. పేద, మధ్యాదాయ దేశాల్లో చిన్న బిడ్డల సంఖ్య పాత అమెరికా కొలబద్దతో 2010కి 3 కోట్ల 24 లక్షలని తేలితే, ఇంటర్‌గ్రోత్ కొలబద్దతో 2012కి 2 కోట్ల 33 లక్షలని తేలింది. ఆ తొంభై లక్షలమందిలో ఎక్కువమంది రెండేళ్లలో బరువు పెరిగినవాళ్లు కారు, గీత మారడంతో లెక్క తప్పినవాళ్లు.

తూకం లెక్కే చూస్తే, 2020లో ప్రపంచంలో 1 కోటి 98 లక్షలమంది పిల్లలు రెండున్నర కిలోలకు తక్కువగా పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ అంచనా. మొత్తం కాన్పుల్లో ఇది 14.7 శాతం. భారతదేశంలో అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, బరువు నమోదైన పిల్లల్లో సుమారు 18 శాతం ఆ హద్దుకు దిగువనే ఉన్నారు.

మాయ పని

బిడ్డ ఎదుగుదలకు మూలం మాయ. తల్లి రక్తం, బిడ్డ రక్తం అందులో కలవవు. పల్చని పొర ఒకటి అడ్డుంటుంది, దాని గుండానే ప్రాణవాయువు, చక్కెర, అమైనో ఆమ్లాలు లోపలికి వెళతాయి, మలినాలు బయటికి వస్తాయి. ఈ ఏర్పాటు సజావుగా సాగాలంటే తొలి నెలల్లోనే ఒక పని జరిగి తీరాలి. గర్భసంచి గోడలో మెలికలు తిరిగిన సన్నని ధమనులుంటాయి. మాయ నుంచి వచ్చిన కణాలు వాటిలోకి చొరబడి, వాటి కండర పొరను కరిగించి, గరాటు మూతిలా వెడల్పు చేస్తాయి. అప్పుడు తల్లి రక్తం ఒత్తిడి లేకుండా, మెల్లగా, ధారాళంగా మాయలోకి వస్తుంది. ఈ పని సగంలో ఆగిపోతే ధమనులు సన్నగానే ఉండిపోతాయి. వచ్చే రక్తం తక్కువ, అదీ పిచికారీ కొట్టినట్టు వేగంగా వచ్చి మాయను దెబ్బతీస్తుంది. తల్లికి రక్తపోటు పెరిగే ప్రీఎక్లాంప్సియాకు కూడా చాలావరకు ఇదే మూలం. అందుకే ఆ జబ్బు, బిడ్డ ఎదగకపోవడం తరచూ జంటగా వస్తాయి.

పంటకాలువలో నీళ్లు తగ్గితే చివరి చేను ముందు ఎండుతుంది. కడుపులో బిడ్డ కూడా అదే తీరున సర్దుకుంటుంది. ఉన్న రక్తాన్ని ముందు మెదడుకు, గుండెకు, అడ్రినల్ గ్రంథులకు మళ్లిస్తుంది. కాలేయం, మూత్రపిండాలు, చర్మం కింది కొవ్వు ఆయకట్టు చివర మిగిలిపోతాయి. కాలేయంలో దాచుకున్న చక్కెర ఖర్చయిపోయి అది కుంచించుకుపోతుంది కాబట్టి పొట్ట చుట్టుకొలత అన్నిటికంటే ముందు తగ్గుతుంది, తల మాత్రం నెలలకు తగ్గట్టే ఉంటుంది. మూత్రపిండాలకు రక్తం చాలక మూత్రం తగ్గుతుంది. నెలలు గడిచేకొద్దీ ఉమ్మనీరు ప్రధానంగా బిడ్డ మూత్రమే కనుక అదీ తగ్గుతుంది. “నీరు తక్కువుందన్నారు, కొబ్బరినీళ్లు బాగా తాగమన్నారు” అని చెప్పుకునే మాట వెనక ఉన్న సంగతి ఇదే. తల్లి ఎక్కువ నీళ్లు తాగితే ఉమ్మనీటి కొలత కాస్త పెరగవచ్చు గానీ మాయలో ఉన్న లోపం దాంతో పూడదు.

తల్లి వైపు, బిడ్డ వైపు

అన్ని సందర్భాల్లోనూ తప్పు మాయదే కాదు. బిడ్డలోనే క్రోమోజోముల దోషం ఉండవచ్చు, పద్దెనిమిదో క్రోమోజోము మూడు ప్రతులుగా ఉండే స్థితి ఇందుకు పేరుమోసింది. రుబెల్లా, సైటోమెగలో వైరస్, టాక్సోప్లాస్మా, సిఫిలిస్ వంటి సోకుళ్లు, తల్లికి పాత రక్తపోటు, మూత్రపిండాల జబ్బు, లూపస్, కొన్ని మూర్ఛ మందులు, ఒకే మాయను పంచుకునే కవలలు కూడా కారణాలే. మన్యం ప్రాంతాల్లో మలేరియాను మర్చిపోకూడదు. ఆ పరాన్నజీవి మాయలోనే తిష్ట వేసి బిడ్డ వాటా తగ్గిస్తుంది.

పొగాకు గురించి వేరుగా చెప్పాలి. ఈ మాట రాగానే సిగరెట్టు గుర్తుకొస్తుంది, మన ఆడవాళ్లు తాగరు కదా అని అక్కడితో వదిలేస్తారు. ముంబైలో నమిలే పొగాకు వాడే గర్భిణుల మీద జరిగిన అధ్యయనం 2004లో వెలువడింది. ఇతర తేడాలన్నీ సర్దిచూసినా వాళ్ల పిల్లలు సగటున 105 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లలోనే ఎక్కువ. తెలంగాణ జిల్లాల్లో బీడీలు చుట్టేదీ ఎక్కువగా ఆడవాళ్లే, తొమ్మిదో నెల దాకా ఒళ్లో చేట పెట్టుకునే కూర్చుంటారు. “పొగతాగుతారా?” అని అడిగితే వీళ్ల జవాబు “లేదండీ” అనే వస్తుంది. ప్రశ్న మార్చి అడగాలి.

ఇక తిండి. ఇది అందరూ తేలిగ్గా మాట్లాడే విషయం, అంత తేలిక కానిది కూడా. 1944-45 శీతకాలంలో జర్మన్ ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్ పడమటి ప్రాంతంలో కరువు వచ్చింది. మనిషికి రోజుకు వెయ్యి కేలరీల లోపే తిండి దొరికింది. చివరి నెలల్లో ఆ ఆకలి చవిచూసిన తల్లుల పిల్లలు సుమారు 300 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు. తొలి నెలల్లో పస్తులుండి తర్వాత కడుపునిండా తిన్న తల్లుల పిల్లలు మామూలు బరువుతోనే పుట్టారు గానీ, పెద్దయ్యాక వాళ్లలో గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది. తూకం అన్నీ చెప్పదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మన దేశంలో ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకున్నది పుణె కేఈఎం ఆసుపత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం. 1993లో పుణె దగ్గరి ఆరు పల్లెల్లో గర్భిణుల్ని చేర్చుకుని, వాళ్లేం తిన్నారో, ఎంత పని చేశారో రాసుకుంటూ వచ్చారు. అక్కడి బిడ్డ సగటు బరువు సుమారు 2.7 కిలోలు, పోల్చి చూసిన ఇంగ్లండు సౌతాంప్టన్ బిడ్డది 3.5 కిలోలు. తల్లి తిన్న మొత్తం కేలరీలకూ బిడ్డ పరిమాణానికీ పెద్ద సంబంధం కనబడలేదు. ఆకుకూరలు, పాలు, పండ్లు తరచూ తిన్న తల్లుల పిల్లలు మాత్రం కాస్త పెద్దగా ఉన్నారు. పొలం పని, నీళ్లు మోయడం వంటి శ్రమ ఎక్కువైన తల్లుల పిల్లలు చిన్నగా ఉన్నారు. దీన్ని పరీక్షించడానికి ముంబై మురికివాడల్లో ఆకుకూరలు, పండ్లు, పాలపొడి కలిపి చేసిన చిరుతిండిని గర్భం రాకముందు నుంచే ఇచ్చి చూశారు. మొత్తం మీద బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గర్భానికి మూడు నెలల ముందు నుంచైనా తిన్నవాళ్ల పిల్లల్లో 48 గ్రాముల పెరుగుదల కనిపించింది, అదీ మరీ సన్నగా లేని తల్లుల్లోనే ఎక్కువ. ఏళ్ల తరబడి చిక్కిపోయిన శరీరం చేతికందిన మొదటి ముద్దను ముందు తనకే ఉంచుకుంటుంది కాబోలు.

అంటే బిడ్డ బరువు కథ తొమ్మిది నెలల్లో మొదలయ్యేది కాదు. తల్లి చిన్నప్పటి తిండి, ఆమె ఎత్తు, పెళ్లీడు, కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం అన్నీ అందులో ఉంటాయి. అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29 శాతానికీ, తెలంగాణలో 23 శాతానికి పైగా పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. తన ఎదుగుదలే పూర్తికాని పిల్ల మరో ప్రాణాన్ని పెంచాల్సి వస్తోంది. గర్భిణుల్లో రక్తహీనత రెండు రాష్ట్రాల్లోనూ సగానికి మించే ఉంది.

పథ్యాల సంగతి కూడా ఇక్కడే. బొప్పాయి, నువ్వులు వేడి చేస్తాయని మాన్పించడం అందరికీ తెలిసిందే. అంతకంటే నష్టం చేసేది మరొకటుంది. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమవుతుంది, అందుకని చివరి నెలల్లో తిండి తగ్గించమని కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లు చెబుతారు. ఆసుపత్రి అందుబాటులో లేని కాలంలో, అడ్డం తిరిగిన కాన్పు అంటే చావే అయిన కాలంలో ఆ భయం అర్థం లేనిదేమీ కాదు. ఆ కాలం పోయింది గానీ మాట ఇంకా నోళ్లలో ఉంది. “ఇద్దరి కోసం తిను” అనే అత్తగారు, “కడుపు మరీ నింపకమ్మా, బిడ్డకు చోటుండదు” అనే అత్తగారు చాలాసార్లు ఒక్కరే.

టేపు, తేదీ, స్కాన్

లోపాన్ని పట్టుకునే మొదటి సాధనం దర్జీ దగ్గరుండే టేపు లాంటిదే. గర్భిణిని వెల్లకిలా పడుకోబెట్టి, పొత్తికడుపు కింది ఎముక నుంచి గర్భసంచి పై అంచు దాకా కొలుస్తారు. 24 వారాలు దాటాక వచ్చే సెంటీమీటర్లు సుమారుగా గడిచిన వారాలతో సరిపోతాయి. మూడు సెంటీమీటర్లు తగ్గితే స్కాన్‌కు పంపాలి. తెలిసిన నర్సు టేపు అంకెలున్న వైపు కిందికి తిప్పి పెట్టి, కొలిచాక తిప్పి చూస్తుంది. అంకె కనబడుతుంటే అనుకున్న వారం దగ్గరికి చెయ్యి తనంతట తనే జరుగుతుంది మరి. ఇరుగుపొరుగు “నీ కడుపు చిన్నగా ఉందే” అనడానికి మాత్రం ఏ విలువా లేదు. బయటికి కనిపించేది తల్లి ఒడ్డూపొడుగునూ బిడ్డ పడుకున్న తీరునూ బట్టి మారిపోతుంది.

రెండోది తేదీ. ఎదుగుదల లోపం అన్న అనుమానాల్లో చాలావాటికి అసలు కారణం నెలల లెక్క తప్పడమే. ఒకామె చెప్పిన చివరి బహిష్టు తేదీ ప్రకారం 32 వారాలు. స్కాన్‌లో బిడ్డ అంచనా బరువు 1,450 గ్రాములు. స్కాన్ బరువులకు వాడే హాడ్‌లాక్ పట్టికలో 32 వారాలకు మధ్యస్థ బరువు దాదాపు 1,950, పదో పర్సంటైల్ 1,620. ఈ లెక్కన బిడ్డ ప్రమాదంలో ఉన్నట్టే. సంచిలో అడుగున మడతపడి ఉన్న మూడో నెల స్కాన్ కాగితం తీసి చూస్తే, ఆనాటి బిడ్డ పొడవును బట్టి ఇవాళ్టికి 30 వారాలే అయ్యాయి. 30 వారాలకు మధ్యస్థం 1,560, పదో పర్సంటైల్ 1,290. బిడ్డ చక్కగానే ఉంది! తొలి మూడు నెలల్లో తీసిన స్కాన్ తేదీలో తేడా వారం లోపే ఉంటుంది, ఎనిమిదో నెలలో తీసినదానికి మూడు వారాలు కూడా తేడా రావచ్చు. మొదటి స్కాన్ కాగితాన్ని కాన్పయ్యేదాకా భద్రంగా దాచుకోమని చెప్పేది అందుకే.

మూడోది స్కాన్. బిడ్డను లోపల తూచే తక్కెడ ఎక్కడా లేదు. తల వెడల్పు, తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు కొలిచి, 1985లో హ్యూస్టన్‌కు చెందిన ఫ్రాంక్ హాడ్‌లాక్ బృందం ఇచ్చిన సూత్రంలో వేస్తే యంత్రం ఒక అంకె చెబుతుంది. ఆ అంకెలో 10 నుంచి 15 శాతం తేడా మామూలే. రిపోర్టులో 2,000 గ్రాములంటే నిజంగా 1,700 కావచ్చు, 2,300 కావచ్చు. అందుకే వారం తిరక్కుండానే మళ్లీ స్కాన్ తీసి “వంద గ్రాములే పెరిగింది” అని కంగారు పడటం దండగ. రెండు కొలతల మధ్య కనీసం రెండు వారాలు, వీలైతే మూడు, ఎడం ఉంటే తప్ప ఎదుగుదల తెలియదు.

అసలు నిజం చెప్పేది డాప్లర్. 1977లో డబ్లిన్‌లో ఫిట్జెరాల్డ్, డ్రమ్ బొడ్డుతాడులో రక్తప్రవాహాన్ని ధ్వని తరంగాలతో పట్టి చూపించారు. తెర మీద బిడ్డ గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక శిఖరం లేస్తుంది, రెండు శిఖరాల మధ్య లోయ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మాయలో ఆ లోయ అడుగు ఎప్పుడూ గీతను తాకదు. గుండె సడలిన క్షణంలో కూడా రక్తం ముందుకే పోతుంటుందన్నమాట. మాయ గట్టిపడేకొద్దీ లోయ లోతవుతుంది, ఒక దశలో గీతను తాకి ఖాళీ అవుతుంది, ఇంకా ముదిరితే గీత కిందికి దిగుతుంది. అంటే రక్తం వెనక్కి పోతోంది. ఇదే సమయంలో మెదడు ధమనిలో ప్రవాహం పెరగడం కనిపిస్తే బిడ్డ మెదడును కాపాడుకునే సర్దుబాటు మొదలుపెట్టిందని అర్థం. మలి దశలో బొడ్డుతాడు కొలత బాగానే ఉండి, మెదడు ధమని మాత్రమే హెచ్చరించే సందర్భాలూ ఉన్నాయి.

తల్లికి చేతనైన పరీక్ష కూడా ఒకటుంది. ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకుని బిడ్డ కదలికలు లెక్కపెట్టుకోవడం. రెండు గంటల్లో పది రాకపోయినా, రోజూ ఉండే కదలిక తగ్గిందనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు.

పనిచేయని మందులు, పనికొచ్చే వేళ

ఎదగని బిడ్డను కడుపులోనే ఎదిగేలా చేసే మందు ఇప్పటికీ లేదు. ఈ మాట వినడానికి కుటుంబాలు సిద్ధంగా ఉండవు, చెప్పడానికి వైద్యులకూ నోరు రాదు. ఆ ఖాళీలోకే ప్రొటీన్ పౌడర్ డబ్బాలు, అమైనో ఆమ్లాల సెలైన్లు, ఆర్జినిన్ పొట్లాలు వచ్చి చేరాయి. వీటితో మాయ బాగుపడుతుందనడానికి గట్టి రుజువు లేదు. న్యూయార్క్ హార్లెమ్‌లో పేద గర్భిణులకు ప్రొటీన్ బాగా దట్టించిన పానీయం ఇచ్చి చూస్తే మేలు జరగకపోగా, మరీ నెలలు తక్కువ కాన్పులు, శిశుమరణాలు ఎక్కువయ్యాయని 1980లో తేలింది. దానికి భిన్నంగా, మొత్తం శక్తిలో ప్రొటీన్ పావు వంతు మించని సమతుల ఆహారం ఇస్తే, తిండి చాలని సమాజాల్లో చిన్న బిడ్డల సంఖ్య తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసేది ఇదే. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలతో నిండిన కంచం ఈ వర్ణనకు సరిగ్గా సరిపోతుంది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన అమృత హస్తం, 2015 నుంచి తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకాలు అంగన్‌వాడీలో ఒక పూట ఆ కంచమే పెట్టాయి. గుడ్డు ఇంటికిస్తే ఎవరి కంచంలో పడుతుందో తెలిసినవాళ్లెవరో అక్కడే కూర్చోబెట్టి తినిపించాలన్న షరతు పెట్టి ఉంటారు.

పూర్తిగా మంచానికే అంటిపెట్టుకుని ఉండమనడం వల్ల ప్రయోజనం రుజువు కాలేదు, పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది. బరువు పనులు తగ్గించడం వేరే సంగతి. రక్తనాళాల్ని వదులుచేసే సిల్డెనాఫిల్ మీద కొన్నాళ్లు గొప్ప ఆశలు పెట్టుకున్నారు. నెదర్లాండ్స్‌లో ఆ పరీక్షను 2018లో అర్ధంతరంగా ఆపేశారు, మందు తీసుకున్న తల్లుల పిల్లల్లో ఊపిరితిత్తుల రక్తనాళాల ఇబ్బందులతో మరణాలు కనిపించాయి. ముందు జాగ్రత్తగా పనికొచ్చేది చిన్న మోతాదు ఆస్పిరిన్. ప్రీఎక్లాంప్సియా ముప్పు ఎక్కువున్న తల్లులకు 16 వారాలు దాటకముందే వైద్యుల సలహాతో మొదలుపెడితే ఆ జబ్బూ, దానితో వచ్చే ఎదుగుదల లోపమూ తగ్గుతాయి. లోపం బయటపడ్డాక మొదలుపెట్టి లాభం లేదు.

కాబట్టి వైద్యమంతా ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఎప్పుడు బయటికి తీయాలి? లోపలే ఉంచితే ఆకలి, ముందే తీస్తే పచ్చి ఊపిరితిత్తులు. డాప్లర్ బాగుండి బిడ్డ కేవలం చిన్నగా ఉంటే 38-39 వారాల దాకా ఆగవచ్చు. మూడో పర్సంటైల్ కిందైతే 37 దగ్గర కాన్పు చేస్తారు. బొడ్డుతాడులో లోయ ఖాళీ అయితే 33-34 వారాలకు, రక్తం వెనక్కి పోతుంటే 30-32 వారాలకు నిర్ణయం తీసుకోవాల్సి వస్తుంది. అంతకంటే ముందైతే డక్టస్ వీనోసస్ అనే చిన్న సిరలో ప్రవాహాన్నీ, బిడ్డ గుండె వేగంలోని సన్నని హెచ్చుతగ్గుల్నీ కంప్యూటరుతో చూస్తూ ఒక్కొక్క రోజే నెట్టుకొస్తారు. నెలలు తక్కువ కాన్పు తప్పదనుకున్నప్పుడు తల్లికి స్టిరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడతాయి. 1972లో న్యూజీలాండ్‌లో లిగిన్స్, హౌవీ చూపిన దారి ఇది. ఏడో నెల పిల్ల బతుకుతుంది గానీ ఎనిమిదో నెల పిల్ల బతకదన్న పాత నమ్మకం కొన్నిచోట్ల ఇప్పటికీ కాన్పు తేదీ దగ్గర అడ్డుపడుతుంటుంది. అది నిజం కాదు. కడుపులో గడిచే ప్రతి వారం ఊపిరితిత్తులకు లాభమే, మాయ సాగనిచ్చినంతవరకు.

పుట్టాక

ఇలాంటి బిడ్డ పెద్ద తలతో, వదులు చర్మంతో, ముసలి ముఖంతో, కళ్లు విప్పార్చి పుడుతుంది. చర్మం కింద కొవ్వు లేదు కాబట్టి గంటలోపే చల్లబడిపోతుంది. కాలేయంలో నిల్వ లేదు కాబట్టి రక్తంలో చక్కెర పడిపోతుంది. ప్రాణవాయువు చాలక లోపల ఎర్రకణాలు ఎక్కువగా తయారుచేసుకుని ఉంటుంది కాబట్టి రక్తం చిక్కగా ఉంటుంది. మొదటి గంటలోనే పాలు, మొదటి నిమిషం నుంచే వెచ్చదనం కావాలి. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గార్ రే సనాబ్రియా అనే వైద్యుడు పిల్లల్ని తల్లుల రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా కట్టించాడు. అదే కంగారూ మదర్ కేర్. బిడ్డ కుదుటపడ్డాక మాత్రమే అలా పెట్టాలనుకునేవారు. మన దేశంతో పాటు ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో 1,000 నుంచి 1,799 గ్రాముల పిల్లల మీద జరిగిన పరీక్ష 2021లో దాన్ని తిరగరాసింది. పుట్టిన వెంటనే మొదలుపెడితే నెలలోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి.

పెద్దయ్యాక

1911 నుంచి ఇంగ్లండులోని హార్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అనే అధికారిణి మంత్రసానుల చేత ప్రతి బిడ్డ పుట్టుక బరువూ, ఏడాది బరువూ పెద్ద పుస్తకాల్లో రాయించింది. దశాబ్దాల తర్వాత డేవిడ్ బార్కర్ ఆ పుస్తకాలు వెతికి తీసి, ఆ పిల్లలు ఏ జబ్బుతో పోయారో జతచేశాడు. తేలిగ్గా పుట్టి, ఏడాదికీ తేలిగ్గానే ఉన్న మగవాళ్లే గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోయారని 1989లో ప్రకటించాడు. కరువులో తయారైన శరీరం కలిమిలో పడితే తట్టుకోలేదన్నది అతని వాదన.

యాజ్ఞిక్ దీనికి మన దేశపు రూపం చూపాడు. పుణె పల్లెల బిడ్డకు కండ తక్కువ, అవయవాలు చిన్నవి, వీపు మీది కొవ్వు మాత్రం దాదాపు ఇంగ్లండు బిడ్డకున్నంత ఉంది. చూపుకు సన్నన, లోపల కొవ్వు. ఆయన, లండన్‌కు చెందిన మిత్రుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎమ్ఐ 22.3. ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా ఉన్న తెలుగు మనిషికి నలభై రాకముందే షుగర్ ఎందుకొస్తోందని ఆశ్చర్యపోయేవాళ్లు ఈ ఫొటో ఒకసారి చూడాలి.

దిద్దుబాటు సాధ్యమా అన్నదానికి కొంత జవాబు హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఉంది. 1987-90 మధ్య సమీకృత శిశు అభివృద్ధి పథకం కొన్ని ఊళ్లకు చేరింది, పక్క ఊళ్లకు ఇంకా చేరలేదు. జాతీయ పోషకాహార సంస్థ మొత్తం 29 పల్లెల్లో లెక్కలు రాసుకుంది. పథకం అందిన ఊళ్లలో గర్భిణులకూ, ఆరేళ్ల లోపు పిల్లలకూ రోజూ పెట్టింది మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసుకొచ్చాక మళ్లీ వెళ్లి కొలిచారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు, వాళ్లలో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, ధమనుల బిగుతు కొంచెం తక్కువ. రక్తపోటులో, కొలెస్టరాల్‌లో తేడా లేదు. కడుపులో ఉండగా అందిన ముద్దకు ఎంత పుణ్యం, పుట్టాక తిన్నదానికి ఎంత అన్నది విడదీయడం కుదరలేదు, రెండూ ఒకే గిన్నెలోంచి వచ్చాయి.